అమీర్‌పేటంతా నా పాటే పాడింది

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. సంగీతం గురించి ఈ నగరంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదన్నది ఒకటి, పద్ధతిగా సర్వే చేసేవాళ్ళ దగ్గరికి అబద్ధం రాదన్నది రెండోది. (ఆ రోజులంటే మరీ ఎద్దుబండి కాలమేమీ కాదు, మెట్రో రైలు అప్పటికే అమీర్‌పేట నెత్తి మీద తిరుగుతోంది. కానీ అప్పటి నా తెలివిని ఇప్పుడు తలుచుకుంటే ఎద్దుబండే నయమనిపిస్తుంది.) ఆ రెండు నమ్మకాలూ ఒకే నెలలో, ఒకే జిరాక్స్ మిషన్ కింద పడి నలిగిపోయాయి. ఆ మిషన్ మా నాన్నదే కావడంతో ఎవరి మీద ఏడవాలో కూడా నాకు సరిగ్గా తెలియలేదు.

మా నాన్నకు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఒక సందులో, జిరాక్స్ షాపు. బోర్డు మీద లామినేషన్, స్పైరల్ బైండింగ్ అని రాసి ఉండేది గానీ అసలు గిరాకీ అంతా మెటీరియల్‌కే. ఏ కోర్సుకు ఏ నోట్స్, ఏ ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నలు అడిగారు, వాటి జవాబులేమిటి, అన్నీ క్లిప్పులు పెట్టి దండెం మీద బట్టల్లా వేలాడదీసేవాడు. తను చదివింది పదో తరగతి వరకే అయినా, ఏ కోర్సు లేస్తోందో ఏది పడుతోందో మిషన్ వేడిని బట్టి చెప్పగలడు. అలాంటి మనిషికి పుట్టిన నేను డిగ్రీ అయ్యాక, పంజాగుట్టలో జర్నలిజం డిప్లొమా చేస్తానన్నాను. నాన్న చాలాసేపు ఆలోచించి, "షాపు పెట్టిన్నాటి సంది గా నోట్స్ ఒక్కరు సుత అడగలే బిడ్డా" అన్నాడు. ఆయన దృష్టిలో అంతకు మించిన దుశ్శకునం లేదు. నేను రెండు రోజులు అన్నం మానేస్తే (మధ్యలో మిర్చీ బజ్జీలు తిన్నాను, అవి అన్నం కిందికి రావు) చివరికి ఒప్పందానికొచ్చాడు. "ఒక్క ఏడాది చూస్త. పాసైతే నీ ఇష్టం. కాకపోతే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుల చేరు. నోట్స్ మన దగ్గరనే ఉన్నయ్."

ఏడాది చివర్లో ప్రాజెక్టు వచ్చింది. విద్యార్థుల కోసం ఒక సంగీత పత్రికను ఊహించి, పాఠకులను అడిగి తెలుసుకుని, పేజీలు డిజైన్ చేసి చూపించాలి. పాసా ఫెయిలా అన్నది పూర్తిగా దాని మీదే. మాకు ఆ పేపరు చెప్పే మేడమ్ గోదావరి వైపు నుంచి వచ్చినావిడ. పేజీ అంచున వదిలే ఖాళీ వెంట్రుకవాసి తేడా వచ్చినా స్కేలు తీసేది కాబట్టి మేమంతా ఆవిడను మార్జిన్ మేడమ్ అనేవాళ్ళం. "మీకు నచ్చే పత్రిక నాకొద్దమ్మా. చదివేవాళ్ళకు నచ్చేది కావాలి. ముందు వంద మందిని అడగండి, ఆ తర్వాతే గీత గీయండి. ఫోనుల్లో లింకులు పంపితే మీ చుట్టాలే నింపుతారు, కాగితం మీద నింపించండి. పేర్లు అడక్కండి, సిగ్గుపడతారు" అని చెప్పింది. ఈ మాటలన్నీ శ్రద్ధగా నోట్సులో రాసుకుని, ఇంటికి వెళ్ళి నేను మొట్టమొదట చేసిన పని పత్రికకు పేరు పెట్టడం. 'మూడో చరణం' అని. (ఇప్పటి పాటలు రెండో చరణంతోనే ముగిసిపోతున్నాయని నాకు అప్పట్లో విపరీతమైన బాధ.) ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నాకు తెలియక కాదు, అది ఇతరులకు వర్తిస్తుందనుకునేదాన్ని.

ఆ తర్వాత ఫారం తయారుచేశాను. వయసు, ఆడా మగా, ఇష్టమైన వాయిద్యం, ముఖచిత్రం ఎలా ఉండాలి, ఎవరి గురించి చదవాలనుంది, ఇలా పన్నెండు ప్రశ్నలు. ఎంతసేపు పడుతుందో చూద్దామని ముందు నేనే ఒకటి నింపుకున్నాను. దాన్ని అడుగున పెట్టి, మిగతావాటితో కలిపి కట్టగట్టుకుని మెట్రో మెట్ల కింద నిలబడ్డాను. అమీర్‌పేటలో చెయ్యి చాచి కాగితం ఇస్తున్నారంటే అది కోచింగ్ సెంటర్ పాంప్లెటే అని పుట్టిన పిల్లకు కూడా తెలుసు. నా ముందుకొచ్చేసరికి మనుషులు చేతులు జేబుల్లో దాచుకునేవారు. "ఆల్రెడీ చేరిన అక్కా" అని ఒకడు, "డెమో క్లాసు ఫ్రీనేనా?" అని ఇంకొకడు. ఒకమ్మాయి చక్కగా తీసుకుందని సంబరపడితే, రెండడుగులు వేసి దాంతో బెంచీ తుడిచి కూర్చుంది. మూడు రోజులకు పదకొండు ఫారాలొచ్చాయి, అందులో నాలుగింటి మీద ఫోన్ నంబర్లు తప్ప ఏమీ లేవు. నాలుగో రోజు షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, ఇక నా బతుకు టెస్టింగేనని తేల్చుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నాన్న మిషన్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "షాపుల పెట్టు. నేను నింపిస్త. ఫికర్ చేయకు."

కట్ట మొత్తం అక్కడ పడేసి వచ్చాను. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత నాన్న వంద ఫారాలు నా చేతిలో పెట్టాడు, అదీ స్పైరల్ బైండింగ్ చేసి, పైన ప్లాస్టిక్ అట్ట వేసి. మొదటిది తిప్పాను. ఇష్టమైన వాయిద్యం, క్లారినెట్. నాకూ అదే. రెండోది, క్లారినెట్. ఇరవయ్యోదీ క్లారినెట్టే. ముఖచిత్రం మీద హీరో బొమ్మ కావాలా అంటే వంద మందీ వద్దన్నారు. లేత బూడిద రంగు చాలన్నారు. ఎవరి గురించి చదవాలని ఉంది అంటే, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే ముసలాయన గురించి అని వంద మందీ రాశారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఈ సందుల్లో, ఈ హాస్టళ్ళలో, నా లాంటి మనసులు వంద ఉన్నాయని, ఇన్నాళ్ళూ పక్కపక్కనే నడుస్తూ ఒకరినొకరు గుర్తుపట్టలేదని అనుకుని కాసేపు నిజంగానే ఏడ్చాను.

అనుమానం రాలేదా అని మీరు అడుగుతారని తెలుసు. రాలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు. పైగా నేను వాటి నుంచి సిద్ధాంతాలు కూడా తీశాను. వంద మందీ 'స్త్రీ' దగ్గర టిక్కు పెట్టారు కాబట్టి, అబ్బాయిలు ఫారాలు నింపరని రిపోర్టులో రాశాను. అందరి వయసూ ఇరవై ఒకటే కాబట్టి, సంగీతాభిరుచి ఆ ఏట పరాకాష్ఠకు చేరుతుందని రాశాను. వాయిద్యం ప్రశ్న దగ్గర అందరూ ముందు వయొలిన్‌కు టిక్కు పెట్టి, దాన్ని కొట్టేసి, క్లారినెట్‌కు పెట్టారు. యువతరం వయొలిన్ నుంచి క్లారినెట్ వైపు మళ్ళుతోందని దానికి ఒక ఉపశీర్షిక కూడా పెట్టాను. ఆ తర్వాత పదహారు పేజీల నమూనా సంచిక సిద్ధం చేశాను. బూడిద రంగు అట్ట, మధ్యలో ఒక్క క్లారినెట్, లోపల చిన్న అక్షరాలు, బోలెడంత మార్జిన్.

పంజాగుట్టలో ప్రాజెక్టు చూపించే రోజు మార్జిన్ మేడమ్ ముందుగా స్కేలు పెట్టి పేజీ కొలిచి, తల ఊపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత స్పైరల్ బైండింగ్ పుస్తకం తెరిచి, పదో ఫారం దాకా మెల్లగా, అక్కడి నుంచి గబగబా తిప్పింది.

"ఏంటమ్మా ఇదీ?" అంది మేడమ్.

"పాఠకుల అభిప్రాయాలు మేడమ్."

"అమీర్‌పేటలో కోచింగుకొచ్చే వంద మందీ ఇరవై ఒక్కేళ్ళ ఆడపిల్లలేనా? వంద మందీ ముందు వయొలిన్ అనుకుని, మనసు మార్చుకుని, కొట్టేశారా?" మేడమ్ కళ్ళద్దాలు తీసేసింది. "ఇంట్లో కూర్చుని నువ్వే నింపావు. రకరకాల పెన్నులు వాడావు, చేతిరాత కూడా మార్చావు, ఆ కష్టానికి మెచ్చుకుంటాను. వారం టైమిస్తున్నాను. నిజం ఫారాలు తెస్తే సరి, లేకపోతే ఫెయిలే."

నేను నింపలేదని చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆవిడ ముందున్న పుస్తకంలో జవాబులన్నీ నావేనని ఆ క్షణంలోనే నాకూ కనపడింది. ఆ కొట్టివేత సుత నాదే. (చూశారా, కంగారులో రాసేటప్పుడు కూడా మా ఇంటి మాట వచ్చేస్తుంది.) ఎర్ర మొహంతో బయటికొచ్చి, బస్సు ఎక్కాలన్న ధ్యాస కూడా లేకుండా మెట్రో స్తంభాల నీడలో అమీర్‌పేట దాకా నడిచాను. దారి పొడుగునా గోడల మీద టెస్టింగ్ కోర్సు పోస్టర్లే కనిపించాయి.

షాపు ముందు ఒకబ్బాయి నిలబడి ఉన్నాడు. "అంకుల్, గీ మ్యూజిక్ పేపర్‌కు కీ ఉందన్నరు?" అని అడుగుతున్నాడు. నాన్న దండెం మీది నుంచి రెండు కాగితాలు తీసి ఇచ్చాడు. ఒకటి నా ఖాళీ ఫారం. రెండోది నేను ఎంతసేపు పడుతుందో చూద్దామని నింపుకున్న ఫారానికి జిరాక్స్ కాపీ. దాని నెత్తి మీద నాన్న చేతిరాతతో 'కీ' అని ఉంది, కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆ అబ్బాయి వెళ్ళేదాకా ఆగాను. అంతకంటే ఎక్కువ ఆగలేకపోయాను. "ఎందుకు పెట్టినవ్ నాన్నా ఇది?" అన్నాను.

"ఉత్త పేపర్ పెడితే ఎవ్వరు ముట్టలే బిడ్డా. రెండు రోజులు చూసిన. కీ ఉన్నదంటేనే తీస్కపోయిన్రు. ఏదన్న కంపెనీ టెస్టు అనుకున్నరేమో."

"నువ్వు కావాలనే చేసినవ్. నేను ఫెయిలైతే కోర్సుల చేర్పియ్యచ్చని చేసినవ్."

నాన్న నన్ను ఒకసారి చూసి, మిషన్ మూత ఎత్తి, లోపల ఏ కాగితమూ ఇరుక్కోకపోయినా ఇరుక్కున్నట్టు వెతకడం మొదలుపెట్టాడు. అన్న మాట వెనక్కి తీసుకునే వయసు కాదు నాది. ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు, కానీ ఆయన షాపులోనే కూర్చున్నాను, ఎందుకంటే జిరాక్స్ కోసం వరసలో నిలబడ్డవాళ్ళు పారిపోలేరు. ఫారం చేతికివ్వకుండా నోటితో అడిగి నేనే రాసుకున్నాను. జవాబులు ఒక్కొక్కటీ వింటుంటే 'మూడో చరణం' నా కళ్ళముందే గుటుక్కుమంది. "పాటలైతే మస్తు వింట అక్కా, చదువుడు మాత్రం నాతోని కాదు" అన్నాడొకడు. "మ్యాగజైన్ ఎందుకక్కా, పాటల నడుమ యాడ్స్ రాకుండ జర ఏమన్న చెయ్యరాదు" అన్నాడు ఇంకొకడు. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లతో తిరిగే ఒకబ్బాయిని పట్టుకుని ఏ పాట వింటున్నావని అడిగితే, అతను వైరు చేత్తో పట్టుకుని, "పాట ఏం లేదక్కా. గివి పెట్టుకుంటే జాబ్ వచ్చిందా అని ఎవ్వరు అడగరు" అన్నాడు. దానికి ఏ గడిలో టిక్కు పెట్టాలో నాకు తెలియలేదు. క్లారినెట్ పేరు ఎత్తింది ఒకే ఒక్కమ్మాయి, అది కూడా క్లారినెట్ అంటే ఏమిటని అడగడానికి.

విద్యార్థులకు ఈ పత్రిక అక్కర్లేదని, ఇంకే సంగీత పత్రికా అక్కర్లేదని రిపోర్టు రాసి ఇచ్చాను. ప్రాజెక్టు కాదది, మరణ వాంగ్మూలం. మార్జిన్ మేడమ్ మొత్తం చదివి, "ఈ జవాబులు నీకు ఒక్కటీ నచ్చలేదని తెలుస్తోంది. కాబట్టి నిజమైనవే" అని పాసు మార్కులు ఎన్నో సరిగ్గా అన్నే వేసింది, ఒక్కటి కూడా ఎక్కువ వేయలేదు.

ఆ సాయంత్రం షాపుకొచ్చి పాసయ్యానని చెప్పాను. నాన్న సరే అన్నట్టు తల ఊపి, చేతిలోని పని చేసుకుంటూ పోయాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. వారం రోజులుగా గొంతులో ఉన్న ప్రశ్న అప్పుడు మెల్లగా అడిగాను. "కీ కావాలంటే నువ్వే ఒకటి నింపి పెట్టచ్చు గదా నాన్నా. నాదెందుకు పెట్టినవ్?"

"నేను సుత ఒకటి నింపిన" అన్నాడు. "మళ్ళ చింపేసిన. నాకేం తెలుసు పాటల సంగతి, తప్పులు పోతయ్. అందరు తప్పులు రాస్తే నీ పేపర్ ఖరాబైతదని భయమైంది. నువ్వు రాసినయే కరెక్ట్ గదా."

ఆయన మీద వేసిన నింద ఆ మిషన్ చప్పుడులో ఎక్కడో ఉండిపోయింది, దానికి ఇప్పటిదాకా క్షమాపణ చెప్పుకోలేదు. చింపేసిన ఫారంలో ఏం రాశావని కూడా ఆ రోజు అడగలేదు. పాసైన సంతోషంలో ఆ ప్రశ్నే తట్టలేదు నాకు.

ఇప్పుడు సోమాజిగూడలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. జనానికి ఏం కావాలో అడిగి తెలుసుకుని పత్రికలవాళ్ళకు చెప్పడమే నా ఉద్యోగం. అక్కడ నేను నా అభిప్రాయం చెప్పబోతే పైవాళ్ళు "అది మీ ఇష్టం, పాఠకుల ఇష్టం కాదు" అని మార్జిన్ మేడమ్ గొంతుతో ఆపేస్తారు, నేను కూడా కుర్రవాళ్ళను అలాగే ఆపేస్తాను. ఇన్నేళ్ళలో నా ఇష్టాన్ని పట్టుకుని అదే కరెక్టు అన్న మనిషి ఇంకొకరు తగల్లేదు. మొన్న ఆదివారం షాపులో ఖాళీగా ఉంటే, నీకు ఏ పాటలిష్టం నాన్నా అని ఎట్టకేలకు అడిగాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంటర్వ్యూకొచ్చిన పిల్లాడిలా కాసేపు ఆలోచించి, "నీకు ఏది మంచిగనిపిస్తదో గదే" అన్నాడు. ఇన్ని వేల మందిని ప్రశ్నలడిగిన దాన్ని, ఆ జవాబుకు ఇంకో ప్రశ్న వేయడం చేతకాక, నవ్వుకుంటూ వెళ్ళి ఇద్దరికీ చాయ్ తెచ్చాను.