నైవేద్యానికి ముందు అన్న మాట

నిన్న పక్కింటి ఇంగువ పోపు వాసన తగలగానే నా నోట 'ఎక్సలెంట్లీ' అన్న మాట వచ్చింది. నాలుగో తరగతిలో మా అయ్యవారు నా చేతిరాత చూసి, "ఎక్సలెంట్లీ రాసినావు" అన్నారు. అప్పటినుంచీ ఆ మాట నాదే.

తిరుపతిలో మా ఇంట్లో నైవేద్యం కాకముందే వంటను మెచ్చుకుంటే అది ఎంగిలి కింద లెక్క. ఆ ఏడాదే ఒక శనివారం అవ్వ పులిహోర కలుపుతుంటే ధీమాగా, "ఎక్సలెంట్లీ చేసినావవ్వా" అన్నాను. దేవుడికి ఇంగ్లీషు రాదని నా నమ్మకం.

అవ్వ చెయ్యి ఆగింది. "అంటే ఏమి?"

"చెప్తే దోషం అవ్వా."

"కొండకు దినామూ దేశదేశాలోళ్లు వస్తా ఉండారు. సామికి రాని బాస యాడుండాది?" అంటూ ఆ గిన్నె పక్కనపెట్టి, మళ్లీ బియ్యం కడిగింది. తిట్టలేదు.

నైవేద్యమయ్యాక అందరూ ప్రసాదం కళ్లకద్దుకుని తిని, అమృతంలా ఉందన్నారు. చివర్లో నా ఆకులో ఇంకొంచెం పెడుతూ అవ్వ మెల్లగా అడిగింది: "ఇందాకటి మాట ఇప్పుడు చెప్పు."

చెప్పాను. మా ఇంట్లో మెప్పంతా ప్రసాదానికే పోయేది. వండిన చేతికి దక్కింది ఆ ఒక్క మాటే.