నా రికార్డులో మాత్రమే మోగిన తంబురా

మనిషి పరువు పోవాలంటే జూదమో తాగుడో ఉండాలంటారు. నాకు ఆ రెండూ లేవు. ఒక వేణువు రికార్డు, ఒక ఆంప్లిఫయరు, ఆ రెండింటినీ మించిన మొండితనం ఉన్నాయి. ఈ మూడూ పెట్టుకుని ఒక ఆదివారం పూట, గట్టిగా అరగంటలో, ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా తలెత్తుకోలేని పని చేశాను. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఆరేడేళ్ల కిందటి మాట. పాత రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లం మా ఉదయగిరి పక్క ఒక పదిమందిమి తేలాం. ఫోనులో ఒక గ్రూపు పెట్టుకుని దానికి 'నల్ల పళ్లేలు' అని పేరు పెట్టాం. నియమం ఒక్కటే. ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు, ఆ వారం ఎవరు ఏ రికార్డు కొన్నారో, అందులో కొత్తగా ఏం విన్నారో చెప్పాలి. అనుమసముద్రంపేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే మస్తాన్ భాయ్ ఖవ్వాలీలు పెట్టేవాడు. ఆత్మకూరులో ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారు నరసింహులుగారు వీణలూ నాదస్వరాలూ పెట్టేవారు. గ్రూపుకు ఆయనే సుప్రీంకోర్టు. ఆయన "బాగుండాది" అన్నారంటే ఆ రికార్డు జన్మ ధన్యం. "విన్నాను" అన్నారంటే దాన్ని అటకెక్కించుకోవచ్చు.

నేను ఏం పెట్టినా ఆయన "విన్నాను" అనేవారు. రెండేళ్లు ఓర్చుకున్నాను. ఆయన చేత ఒక్కసారి "బాగుండాది" అనిపించకపోతే నా పేరు సుధాకరే కాదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలం వింజమూరులో ఒక పాత ఫ్యాన్సీ షాపు ఖాళీ చేస్తుంటే వెళ్లి, గోతాం అడుగున పడి ఉన్న వేణువు రికార్డు ఒకటి తెచ్చాను. ఆ వారమే ఎవరో వాడిన ఆంప్లిఫయరు ఒకటి కొని బిగించాను. రికార్డు తుడిచి, సూది ఆనించి, కళ్లు మూసుకున్నాను. వేణువు మొదలైంది. దాని కింద తెంపు లేకుండా, గంభీరంగా, తంబురా! వేణువు ఐదు శ్రుతి. తంబురా కూడా అచ్చంగా ఐదు శ్రుతే. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

వంటింట్లోంచి మా ఆవిడ రమ వచ్చింది.

"ఏమండీ, ఆ గుయ్యిమనేది ఏంది?"

"తంబురా."

"తేనెతుట్టె కదిలించినట్టుండాది."

"సంగీతం తెలీనోళ్లకు అట్టనే ఉంటాది."

"సరే గానీ, మిక్సీ ముట్టుకుంటే జిల్లుమంటా ఉండాది. ముందు దాని సంగతి చూడండి."

తంబురా మోగే ఇంట్లో మిక్సీ మాటలేమిటని నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఆదివారం గ్రూపులో పాట ముక్క పెట్టి, కింద ఇలా రాశాను: "ఈ రికార్డు మీలో కొందరి దగ్గర ఉండొచ్చు. ఈ తంబురా మాత్రం ఉండదు. ఇది మొట్టమొదటి అచ్చు." మొదటి అచ్చని నాకెవరూ చెప్పలేదు. అంత మంచి తంబురా ఉన్నప్పుడు మొదటి అచ్చు కాక ఇంకేమవుతుంది?

అందరికంటే ముందు మస్తాన్ భాయ్ జవాబిచ్చాడు. "సార్, ఒకసారి ఎర్తు చూసుకోండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్లిపందిట్లో మైకులు కట్టే మనిషి నాకు ఎర్తు గురించి చెప్పడమా! నేను పనిచేసేదే కరెంటాఫీసులో. బిల్లుల సెక్షనే అనుకోండి, అయినా కరెంటు కరెంటే కదా. "భాయ్, ఇది షామియానా కాదు, సంగీతం" అని పెట్టాను.

ఆ సాయంత్రం మాస్టారు ఫోను చేశారు.

"ఏందయ్యా సుధాకరా, ఆ రికార్డు నా దగ్గర నలభై ఏళ్లుగా ఉండాది. దాంట్లో తంబురా వినపడదే!"

"మీది తర్వాతి అచ్చు అయ్యుంటాది సార్."

"నువ్వు చెప్పేది నిజమైతే ఆ రికార్డు నాకియ్యి. బదులుగా నా నాదస్వరం పెట్టె నీకిచ్చేస్తాను."

నాదస్వరం పెట్టె అంటే మీకు తెలియదు కాబట్టి స్థిమితంగా చదువుతున్నారు. ఇరవై రెండు రికార్డులు, ఒక్క గీత లేనివి. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ మూత తీసి చూపించి మళ్లీ మూసేసిన పెట్టె అది. దానికోసం నా రికార్డే కాదు, నా స్కూటరు కూడా ఇచ్చేవాణ్ణి.

మరుసటి ఆదివారం పదింటికి మస్తాన్ భాయ్ మైకుసెట్టు ఆటోలో మాస్టారు దిగారు. పెట్టె భాయ్ నెత్తిన ఉంది. మాస్టారు చంకలో, తువ్వాల్లో చుట్టిన ఆయన రికార్డు ఉంది.

నా రికార్డు పెట్టాను. మాస్టారు తలవంచుకుని విన్నారు. వేణువు, కింద తంబురా.

"ఉండాది," అన్నారు నెమ్మదిగా. "నిజమేనయ్యా, ఉండాది."

నేను పెట్టెను కాలితో ఒక జానెడు నావైపు లాక్కున్నాను.

"ఇప్పుడు నాది పెట్టు."

పెట్టాను. వేణువు మొదలైంది. దాని కింద, అంతే గంభీరంగా, తంబురా!

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు ఒకడు. నేను పట్టిన రికార్డుకు నాలుగు తంబురా తీగలు.

"చూసినారా సార్! మీదాంట్లోనూ ఉండాది. నలభై ఏళ్లు మీ మిషను దాన్ని బయటికి లాగలేకపోయింది. నా మిషను లాగింది!"

మాస్టారు ఆలోచనలో పడ్డారు. "అయితే రికార్డు నాకెందుకయ్యా? మిషనే ఇయ్యి."

"పెట్టె ఇస్తే మిషనూ తీసకపోండి" అన్నాను. మిషను ఇచ్చేశాక ఇరవై రెండు రికార్డులు దేని మీద పెట్టుకోవాలన్నది ఆ క్షణాన తోచలేదు.

అంతసేపూ గోడకానుకుని నిలబడ్డ మస్తాన్ భాయ్ వచ్చి, ఒక్క వేలితో సూదిని పైకెత్తాడు. వేణువు ఆగింది. తంబురా ఆగలేదు.

"సార్, వేణువాయన లేచిపోయినాడు. తంబురా ఆయన ఇంకా కూర్చోనే ఉన్నాడు."

"అది గదిలో నిలిచిన నాదం భాయ్," అన్నాను. "మంచి సంగీతం అంత తొందరగా పోదు."

భాయ్ రికార్డు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. "ఇప్పుడు సార్?"

"రికార్డు తిరిగిన పళ్లెం ఇంకా వేడి మీద ఉండాది గదా…"

"సుధాకరా, ఊరుకోవయ్యా," అన్నారు మాస్టారు.

ఊరుకుంటే నేనెందుకవుతాను? నాదస్వరం పెట్టె జానెడు దూరంలో ఉంది. "ఒక్క నిమిషం సార్, శ్రుతి వినండి!" అని వాల్యూము మొత్తం తిప్పాను. రికార్డు లేని మిషను మీద తంబురా కిటికీ రెక్కలు అదిరేలా మోగింది. "ఐదు! అచ్చం ఐదు శ్రుతి!" అని అరుస్తూ తాళం కూడా వేశాను.

పెరట్లో బకెట్టు చప్పుడైంది. తంబురా సన్నబడింది. దోమంత అయింది. పోయింది. ఇంట్లో నా తాళం ఒక్కటే మిగిలింది.

రమ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మజ్జిగ చేద్దామని మిక్సీ ముట్టుకుంటే మళ్లా జిల్లుమన్నింది. చూస్తే ఎర్తు గుంత బొత్తిగా ఎండిపోయుండాది. రెండు బకెట్లు నీళ్లు పోసినాను." చెవి రిక్కించి, "అమ్మయ్య, ఆ గుయ్యి కూడా పోయింది!" అంది.

"ఎర్తు ఎండితే కరెంటు స్పీకర్లలో చేరి ఇట్టనే మూలగతాదమ్మా," అన్నాడు భాయ్. "అది మూలిగేది ఐదు శ్రుతిలోనే. మా మైకుసెట్టోళ్లందరికీ తెలిసిందే." తర్వాత నావైపు తిరిగి, పాపం గౌరవంగానే అడిగాడు: "కరెంటాఫీసులో ఉండి కరెంటును గుర్తుపట్టలేదా సార్?"

సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు మాత్రం రికార్డును మళ్లీ పళ్లెం మీద పెట్టి, ఒక వైపంతా విన్నారు. తేటనీళ్లలా వచ్చింది వేణువు. చివర్న కళ్లు తెరిచి, "బాగుండాది," అన్నారు.

ప్రాణం లేచొచ్చింది. "సార్! నా రికార్డు…"

"నీది కాదయ్యా. ఇది నాదే."

మజ్జిగ తాగి లేచారు. నేను పెట్టె ఎత్తి ఆటోలో పెట్టబోతే ఆపారు. "వొద్దు. ఇస్తానని మాటన్నాను, ఈ ఇంట్లోనే వదిలిపోతాను." రమను పిలిచారు. "ఇది నీకమ్మా. ఈ ఇంట్లో చెవి ఉండేది నీకే."

అప్పటి నుంచి పెట్టె తాళం రమ దగ్గరుంది. గ్రూపులోంచి నన్ను తీయలేదు కానీ ఆమెను చేర్చారు. ఆదివారం ఆమె ఏది విన్నానంటే నేనూ అదే విన్నట్టు. నాదస్వరం వినాలని నాకు మరీ మనసైతే ముందు పెరట్లో రెండు బకెట్లు పోసి రావాలి, వానాకాలమైనా సరే.

అందుచేత, ఉదయగిరి కొండ సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లో ఎంత గొప్ప సంగీతం విన్నా, సూది ఎత్తి చూడందే నా నోట "ఆహా" రాదు. ఎత్తాక కూడా, రమ అన్నాకే అంటాను.