ఐలమ్మ చూసిన సగం సినిమా

సినిమాల్లో వచ్చే జబ్బులంటే ఐలమ్మకు ఒళ్లుమంట. అసలు ఆమెకు నచ్చేవే తక్కువ. చీరల గోదాములో దారాలు కత్తిరిస్తుంటే కత్తెర కంటే నోరే ఎక్కువ ఆడుతుందని పొట్టకూటికి బమ్రోలికి వలసొచ్చిన తెలుగు ఆడవాళ్లు నవ్వుకుంటారు. అలాంటి మనిషిని కూతురు నవత బతిమాలి ఓ సెలవు రోజు మధ్యాహ్నం ఆటకు లాక్కుపోయింది. నాన్న కూడా రావాల్సిందేనని పట్టుబట్టింది.

ఆ నాన్న, సోమలింగం, రావడమే వింత. మరమగ్గాల మీద రాత్రి పాళీ ఆయనది, పగటి పని ఐలమ్మది. ఆమె చెప్పులు తొడుక్కునేటప్పుడు ఆయన విప్పుతాడు. అందరికీ పాళీలు మారుతుంటాయి. ఈయన మాత్రం సేఠ్‌ను అడిగి మరీ రాత్రే ఉంచుకున్నాడు. చల్లగా ఉంటుందట. సెలవు రోజు కూడా చాయ్ హోటల్‌కని పోయి చీకటి పడ్డాకే వస్తాడు. వచ్చినా డాబా మీదే పడక. పేకాట మరిగాడని తీర్మానించి ఐలమ్మ వాకిట్లోనే నాలుగు దులిపేది.

తెర మీద బంగళా పిల్ల, ఆమె కారు నడిపే పిల్లవాడు. వాడికి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆ సంగతి దాచి, నువ్వంటే ఇష్టం లేదని పిల్లను తరిమేస్తున్నాడు. ఆ దగ్గు కూడా ఎంత సింగారం. జుట్టు చెదరదు, చొక్కా నలగదు, తెల్ల రుమాలు మీద బొట్టంత నెత్తురు.

"రోగం దాసుడేంది? నోరు లేదా వీనికి?" అంది ఐలమ్మ, హాలంతా వినపడేలా. "దవాఖానకు పోవాలె, గోలీలు మింగాలె."

"మమ్మీ, చుప్ బైఠో నా." నవత ముక్కు చీదింది. "ఆమె బాధపడొద్దని దాస్తుండు. ప్యార్ అంటే గదే."

"ప్యార్ గాదు, తలకాయ. ఇసొంటోన్ని కట్టుకునేకన్నా ఊకె ఉండుడు నయం."

సోమలింగం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తెర వంకే చూస్తున్నాడు.

కాసేపటికి పిల్ల వాడి చెయ్యి పట్టుకుంది. పాట ఆగింది, మాటలు ఆగాయి, హాలు నిశ్శబ్దమైంది. అప్పుడు దగ్గు వినపడింది. తెర మీది పిల్లవాడే అనుకుంది ఐలమ్మ. కాదు, పక్క కుర్చీలోంచి. కడుపులోంచి తన్నుకొస్తున్న దగ్గు, తువ్వాలు ఎంత అదిమినా ఆగడం లేదు.

మగ్గాల చప్పుడులో పక్కవాడి కేకే వినపడదు, దగ్గెవరికి తెలుస్తుంది? రాత్రి పాళీ, చాయ్ హోటల్, డాబా, అన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. దగ్గు తనకు వినపడకుండా దాచుకునే చోట్లవి.

"భాయ్, బాహర్ జాకే ఖాంసో," అని దగ్గేదుంటే బయటికి పొమ్మన్నాడు వెనక కూర్చున్నవాడు.

ఐలమ్మ వెనక్కి తిరిగింది. "పైసలు పెట్టి వాని దగ్గు సూస్తున్నవు గదా, మాయన దగ్గు ఫుకట్ల ఇను."

తెలుగులోనే అంది. అయినా వాడు నోరు మూసుకున్నాడు. ఆమె మొగుడి రెక్క పట్టుకుని బయటికి నడిపించింది, నవత వెనకే వచ్చింది.

"ఎన్నాళ్ల సంది?"

"పోయిన వానకాలం సంది."

"నాకెందుకు చెప్పలే?"

"బుగులు పడతవని."

"హీరో అనుకున్నవా? వాడు సస్తే పాట పెడుతరు. నీకెవలు పెడుతరు?"

సోమలింగం నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

మర్నాడు ఐలమ్మ పని మానేసి ఆయన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. వరసలో నిలబడ్డప్పుడు, ఆమె పక్కనే ఉందని అలవాటుగా దగ్గును గొంతులోనే నొక్కుకుంటున్నాడు సోమలింగం.

"మింగకు," అంది. "దగ్గు. నేనింటున్న."

ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఐలమ్మ చివరిదాకా విన్నది. ఒక్క మాట కూడా తిట్టలేదు. అది చూసి సోమలింగానికి మొదటిసారి భయం వేసింది.