దారమ్మ ఎత్తిన కనుబొమలు

ఆ వీధిలో ఆడవాళ్లందరూ ఉన్నట్టుండి అనుమానపు మొహాలతో తిరగడం మొదలుపెట్టారు. మందుల షాపాయన భార్య, పక్క మేడలో ఉండే స్కూలు టీచరు, బేకరీ నడిపే అక్కాచెల్లెళ్లు, ఎవరిని చూసినా ఎడమ కనుబొమ కుడిదానికంటే ఓ పిసరు పైన ఉండేది. "అలాగా? ఇంకా చెప్పు" అంటున్నట్టుండేది. నిజానికి వాళ్లేమీ అడగలేదు. అడగకుండానే అవతలివాళ్లు కక్కేశారు. మందుల షాపాయన ఓ ఉదయం కాఫీ తాగుతూ తాగుతూ, మిక్సీ జారు పగలగొట్టింది తనేనని, నేరం పిల్లి మీదికి నెట్టానని ఒప్పేసుకున్నాడు. టీచరు తరగతిలోకి అడుగుపెట్టిందో లేదో, చివరి బెంచీ మొత్తం లేచి నిలబడి కిటికీ అద్దం సంగతి పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ఈ వింతకంతటికీ మూలం వీధి మలుపులో మెట్ల కింద ఉన్న ఒక చిన్న బ్యూటీ పార్లర్. అందులో ఒక వాలుకుర్చీ, ఆ కుర్చీ వెనక దారమ్మ. ఆమె అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. పెళ్లికి ముందు నుంచీ కనుబొమలు దిద్దడమే ఆమె పని. నూలు దారం కొసని పళ్ల మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల వేళ్లకి మెలివేసి, కస్టమరు మొహం మీదికి వంగి చకచకా లాగేస్తుంది. పనిలో ఉండగా ఆమె నోట రెండే మాటలు వస్తాయి. "కదలొద్దు" అనేది ఒకటి. "అయిపోయింది, ఇంకొక్కటే" అనేది రెండోది. ఆ రెండోది శుద్ధ అబద్ధమని వీధి వీధంతా ఎరుగును. అయినా కుర్చీలో వాలినవాళ్లు ప్రతిసారీ నమ్ముతారు.

ఆమెకి ఒక సిద్ధాంతం కూడా ఉంది. నొప్పి పెట్టేదాన్ని మెల్లమెల్లగా పీకకూడదు, ఒక్క లాగుడులో తేల్చేయాలి. ఈ సిద్ధాంతమే ఆమె కొంప ముంచింది.

మొదలు ఒక తుమ్ముతో. బేకరీ అక్కాచెల్లెళ్లలో చిన్నామె కుర్చీలో వాలి ఉండగా గట్టిగా తుమ్మింది. చెయ్యి గాల్లోకి లేచింది. వంగి ఉన్న దారమ్మ ఎడమ కంట్లో గోరు గీసుకుంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, డాక్టర్లు కార్నియా అంటారే, దాని మీద చిన్న గీత పడింది. చుక్కలేసుకుంటే మానిపోయింది. అక్కడితో పీడ వదిలిందనుకుంది. నెల తిరిగాక ఒక పొద్దున నిద్ర లేచి కన్ను తెరవగానే, లోపల ఎవరో గాజుపెంకు తిప్పినట్టయింది. మధ్యాహ్నానికి సర్దుకుంది. కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఆ నొప్పి రావడమే అలవాటు చేసుకుంది. మానిన చోట పైచర్మం కింది పొరకి సరిగ్గా అతుక్కోలేదట. రాత్రి కన్ను ఆరిపోయి రెప్ప దానికి అంటుకుంటుంది. పొద్దున రెప్ప లేస్తే చర్మమూ దాంతో పాటే లేచి వస్తుంది.

అలాంటి రోజుల్లో దారమ్మ ఆ కన్ను మూసుకుని ఒంటికన్నుతోనే దారం లాగేది. కుర్చీ వెనక నిలబడే మనిషికి కస్టమరు ఎడమ కనుబొమ తన ఎడమ వైపే ఉంటుంది. అక్కడ కింది వరసలో నాలుగు వెంట్రుకలు ఎక్కువ ఊడేవి. కనుబొమ పైకి లేచేది.

కన్ను పోతుందన్న భయం ఆమెకి అంతగా లేదు. కుర్చీ పోతుందన్నదే భయం. పార్లర్లో ఆమె ఆడపడుచు కూడా పనిచేసేది. తలలకి రంగులు, గోళ్లకి పాలిష్ ఆమె వంతు. చూపు మాత్రం ఎప్పుడూ ఆ వాలుకుర్చీ మీదే.

"వదినా, కన్ను మళ్లీ ఎర్రబడింది. ఇవాళ దారం నేను పడతానులే."

"నా కన్ను ఎర్రబడితే నీకు ఇట్టే కనబడుతుంది. తుడవాల్సిన అద్దం మాత్రం ఆనదు."

"అయ్యో, మంచికి పోయి అడిగితే..."

"ఆ మంచిని అక్కడ పెట్టి రంగు గిన్నెలు కడుగు తల్లీ."

కళ్ల డాక్టరమ్మ క్లినిక్ నాలుగడుగుల దూరమే. పగలు చుక్కలు వేసుకోవాలంది. రాత్రి పడుకునేముందు కంట్లో ఆయింట్‌మెంటు, పొద్దున కళ్లు తెరవకముందే ఒక చుక్క, ఆ పైన రెప్పని మెల్లగా తెరవడం. కంటికి కట్టులా ఉండేందుకు ఒకసారి మెత్తటి లెన్సు కూడా పెట్టింది. వెళ్లినప్పుడల్లా దారమ్మ, "మీరు చెప్పినట్టే చేస్తున్నా డాక్టరమ్మా" అనేది. "ఇంకొక్కటే" అన్నంత నిజాయితీగా.

ఇలా ఉండగా ఒక సాయంత్రం డాక్టరమ్మే హడావిడిగా పార్లర్‌కి వచ్చి కనుబొమలు దిద్దించుకుని వెళ్లింది. ఆరోజు దారమ్మ కన్ను బాగాలేదు.

తర్వాతి వారం క్లినిక్‌లో డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది దారమ్మ. డాక్టరమ్మ ఊరికే చూసింది. ఎడమ కనుబొమ ఇంత ఎత్తున ఉంది. అది తన చేతి పనేనని దారమ్మకి తెలుసు. తెలిసినా నోరు ఆగలేదు.

"ఆయింట్‌మెంటు పెట్టుకోవట్లేదు డాక్టరమ్మా," అనేసింది. "జిడ్డు చేతికంటితే పొద్దున దారం జారుతుంది."

డాక్టరమ్మ ఇంకా చూస్తూనే ఉంది.

"లెన్సు కూడా మర్నాడే పీకేశా. ఒక్క లాగుడులో."

"మరి పొద్దున కన్ను?"

"అదీ ఒక్క లాగుడే."

"అంటే రోజూ మీ కంటి చర్మానికి మీరే థ్రెడింగ్ చేస్తున్నారన్నమాట!"

దారమ్మ తల దించుకుంది. ఎలాగూ మొదలుపెట్టింది కాబట్టి చివరిది కూడా చెప్పేసింది. "మీ ఎడమ కనుబొమ కూడా పైకి పోయింది. తప్పు నాదే."

డాక్టరమ్మ ఫోన్ తీసి అందులో మొహం చూసుకుంది. "ఓహో, అదా! వారం నుంచి పేషెంట్లు నేనడక్కముందే అన్నీ చెప్పేస్తుంటే, నా వైద్యం మీద గురి కుదిరిందనుకున్నా."

ఈసారి దారమ్మ బుద్ధిగా కొన్ని నెలలు ఆయింట్‌మెంటు పెట్టుకుంది. అయినా చర్మం మొండికేసింది. ఇక లేజరే మార్గమంది డాక్టరమ్మ. వదులైన చర్మాన్ని తీసేసి, దాని కింది పొరని లేజరుతో అతి పల్చగా చెక్కితే, కొత్త చర్మం గట్టిగా పట్టుకుంటుంది. చాలామందికి తగ్గిపోతుంది, కొందరికి మళ్లీ రావచ్చు కూడా అని దాపరికం లేకుండా చెప్పింది.

లిఫ్టులు బాగుచేసే భర్త అంతా విని పెదవి విరిచాడు. "కదలకూడదు, మాట్లాడకూడదు అంటున్నారు. ఈవిడకి కుదిరే ఆపరేషన్ ఇంకేదైనా ఉందేమో చూడండి డాక్టరుగారూ."

ఆపరేషన్ గదిలో దారమ్మ మొదటిసారి కుర్చీకి ఇవతలి వైపు పడింది. మత్తు చుక్కలు వేశారు. రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టారు. మొహం మీదికి ఎవరో వంగారు.

"ఆ లైటునే చూడండి. కదలొద్దు."

మిషను టకటకలాడింది. జుట్టు కాలుతున్నట్టు వాసన.

"ఎవరి జుట్టండీ అది?"

"ఎవరిదీ కాదు. మాట్లాడొద్దు. అయిపోయింది, ఇంకొక్కటే."

ఆ మాటకి అర్థం దారమ్మకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇంకా అరగంట ఉందనుకుని పళ్లు బిగించింది. మిషను మరోసారి టకటకలాడి ఆగిపోయింది. నిజంగానే ఒక్కటే. ఆ మాటని నిజంగా అనేవాళ్లు లోకంలో ఉంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మొదటి రోజుల్లో నొప్పి చుక్కలు చూపించింది. ఈసారి కట్టుగా పెట్టిన లెన్సు జోలికి మాత్రం పోలేదు. డాక్టరమ్మే తీసింది. పొద్దున్నే భర్త చుక్కల సీసా పట్టుకుని మంచం పక్కన నిలబడి "కదలొద్దు" అంటుంటే, ఆ మాట ఎంత చేదుగా ఉంటుందో తెలిసొచ్చింది. చుక్క పడ్డాక రెప్పని అంగుళం అంగుళం లేపేది. గాజుపెంకు రాలేదు. మర్నాడూ రాలేదు.

కన్ను కుదుటపడ్డాక పార్లర్‌కి వెళ్లింది. ఇన్నాళ్లూ కుర్చీ ఆడపడుచు చేతిలో ఉంది. ఈపాటికి పాతుకుపోయి ఉంటుందనుకుంది. తీరా చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. ఆడపడుచు మొహం మాడ్చుకుని తన గోళ్లకి తనే పాలిష్ వేసుకుంటోంది.

"ఎవరూ రాలేదా?"

"ఎందుకు రాలేదు? అందరూ తలా ఒకసారి వచ్చారు. రెండూ సమానంగా, స్కేలుతో గీసినట్టు దిద్దా."

"మరేం?"

"రెండోసారి రాలేదు."

అప్పుడే మందుల షాపాయన భార్య లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. "వచ్చావా తల్లీ! ఆ సమానం కనుబొమలతో చచ్చిపోతున్నా. మా ఆయన నోటి నుంచి ఒక్క ముక్క ఊడి పడట్లేదు. మునుపటిలా ఎత్తు."

దారమ్మకి ఒళ్లు మండింది. రెండు కళ్లూ బాగై, వెంట్రుక వెంట్రుకా స్పష్టంగా కనబడుతున్న రోజున వచ్చి వంకర అడుగుతుందా? అయినా కుర్చీ కుర్చీయే. దారం అందుకుంది. చూడలేక చేసిన వంకరని చూస్తూ చేయడం ఎంత కష్టమో, ఆమె నుదుటి మీది చెమట చెప్పింది.

ఆ వారంలోనే డాక్టరమ్మా వచ్చింది. "కన్ను ఎలా ఉంది? ఆయింట్‌మెంటు?"

"పెట్టుకుంటున్నా. ఒట్టు. మీ కనుబొమ సరిచేసేయనా?"

డాక్టరమ్మ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "వద్దు. ఎడమది అలాగే ఉంచండి."

దారమ్మ దారం కొస పళ్ల మధ్య పెట్టుకుంది. ఆడపడుచు రంగు గిన్నె వదిలేసి, ఆ ఎత్తు కిటుకేమిటో చూద్దామని పిల్లిలా దగ్గరికొచ్చింది. దారమ్మ ఓరగా చూసి, కిటుకంతా అక్కడే ఉందనుకోనీ అని, నిక్షేపంలా ఉన్న ఎడమ కన్ను గట్టిగా మూసేసుకుంది.