పచ్చగా ఉన్న నేరేడు

2022లో విశాఖ ఆటోనగర్‌లో రోడ్డు పక్క చెట్ల సంరక్షణ కాంట్రాక్టులో సూపర్‌వైజర్‌గా ఉండేవాణ్ణి. ఒక ఉదయం అప్పలనరసమ్మ గారు ఫోన్ చేశారు. వర్క్‌షాపుల మధ్య నేరేడు చెట్టు కింద టిఫిన్ బండి నడిపే మనిషి. ఆ చెట్టును మొక్కప్పటి నుంచి అంట్ల నీళ్ళు పోసి పెంచింది ఆవిడే.

వెళ్ళి చూస్తే మాను చుట్టూ జానెడు వెడల్పున బెరడు చెక్కేసి ఉంది. దీన్ని మేము గర్డ్లింగ్ అంటాం. చెట్టును చడీచప్పుడు లేకుండా చంపే పద్ధతి.

"ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా బాబూ, దీనికేటవుద్ది?" అన్నారావిడ.

గాయం మీద చెయ్యి పెట్టి చూశాను. బెరడు పైపొర కార్క్. అది చచ్చిన కణాలదే అయినా పురుగునీ ఎండనీ లోపలికి రానివ్వదు. దాని కింది పొర ఫ్లోయమ్. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు చేరేది దాని గుండానే. రెండూ పోయాయి. లోపలి కర్రలో నీళ్ళు ఇంకా పైకి వెళ్తున్నాయి కాబట్టి ఆకులు వాడలేదు. కిందేమో వేళ్ళు పస్తుంటున్నాయి.

"సచ్చిపోద్దా?"

"ప్రయత్నిద్దామమ్మా."

అదే చెట్టు లేతకొమ్మలు కోసి, గాయానికి పైనా కిందా బెరడులోకి దూర్చి వంతెనలా కట్టాను. బ్రిడ్జ్ గ్రాఫ్టింగ్ అంటారు. ఆవిడ రోజూ తడిగుడ్డ చుట్టేవారు. రెండు కొమ్మలు చిగుర్లు వేశాయి కూడా. తర్వాత ఒక ఉదయం చూస్తే అన్నీ పీకేసి ఉన్నాయి.

"ఎవరో తెలుసా అమ్మా? కంప్లైంట్ ఇద్దాం," అన్నాను.

ఆవిడ ఎదురుగా ఉన్న లారీ షెడ్డు వైపు చూశారు. అది ఆవిడ మరిది సన్యాసిరావుది. లారీలు తిరగడానికి చెట్టు అడ్డమని చాన్నాళ్ళుగా గొడవ పడుతున్నాడట.

"పొద్దున్నే వొచ్చి నా సేతి ఇడ్లీయే తింతాడు బాబూ," అన్నారు మెల్లగా. "మా ఆయన పోయాక నానుండేది ఆడింట్లోనే. కంప్లైంటిత్తే నానెక్కడికి పోతాను?"

కింద పడున్న కొమ్మలు ఏరి పక్కన పెట్టాను.

వేసవికి ఆకులు రాలిపోయాయి. చచ్చిన చెట్టును కొట్టడానికి వచ్చిన మనుషులు కర్ర గట్టిగా ఉండి రంపం ఆగుతోందని విసుక్కున్నారు. కర్రలోని నారకణాల్ని స్క్లెరెంకైమా అంటాం. మందమైన గోడలతో, తాము చచ్చాక కూడా మానును నిలబెడతాయి. ఆ బలం ఉన్నది చెట్టు నిలబడడానికి. బతకడానికి కావలసింది వేలి మందం కూడా లేని ఆ మెత్తని పొర.

అప్పలనరసమ్మ గారు బండిని ఎండలోకి జరుపుకుని, ఇడ్లీ ప్లేటు ముందుగా మరిదికే అందించారు. అతను తలెత్తకుండా తిన్నాడు.

ఇప్పుడు ఏ చెట్టు దగ్గరికి వెళ్ళినా ఆకులు చూడను, ముందు మాను తడిమి చూస్తాను. ఎవరినైనా కంప్లైంట్ ఇవ్వమనేముందు కూడా, వాళ్ళు ఎవరి గడపలో బతుకుతున్నారో అడుగుతాను.