కదలొద్దంటే కదిలిన మా బాపు

నౌకరీ పర్మనెంటయింది! ముందు ఈ మాట చెప్పకుండా మిగతాది మొదలుపెట్టడం ఇన్నేళ్లయినా నాకు చేతకాదు. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. నీడపట్టున కూర్చుని చేసే పని దొరికింది కూడా నాకే మొదలు.

తొంభైల చివర్లో ఒమాన్‌లో, అల్ ఖౌద్ దగ్గర ఒక హాస్పిటల్ స్కానింగ్ విభాగంలో ఆరు నెలల ట్రయల్ మీద కంప్యూటర్ పని చేసేవాణ్ణి. లివర్‌లో గడ్డను కోయకుండా, సన్నని సూది గుచ్చి వేడితో మాడ్చే వైద్యం మా పెద్ద డాక్టరు మొదలుపెట్టబోతున్నాడు. వేడి ఎక్కడిదాకా పాకిందో స్కానింగే చూపించాలి. వేడి పెట్టకముందు ఒక బొమ్మ, పెట్టాక ఇంకో బొమ్మ. రెండింటికీ ఉన్న తేడాయే వేడి. అయితే మధ్యలో మనిషి వేలెడు జరిగినా ఆ తేడా కూడా తెర మీద వేడిలాగే ఎర్రగా కనబడుతుంది. జరిగిన బొమ్మను వెనక్కి లాగి, మొదటిదాని మీద సరిగ్గా కూర్చోబెట్టే ప్రోగ్రామ్ రాయడం నా పని. అది పనిచేస్తే ఉంటాను. లేకపోతే ట్రయల్ అయిపోయిన మర్నాడే విమానం.

మేక కార్జం మీద పనిచేసింది. అది తనంతట కదలదు కనుక బల్లనే జరిపాను. తర్వాత మా డిపార్ట్‌మెంటు వాళ్లను పడుకోబెట్టాను. కదలమంటే కొలిచినట్టు కదిలారు, ఆగమంటే కొలిచినట్టు ఆగారు. ప్రోగ్రామ్ బ్రహ్మాండం అనుకున్నాను. డాక్టరు పెదవి విరిచాడు.

"చెప్తే కదిలే పేషెంటు ఎక్కడుంటాడు? కదలొద్దన్నా కదిలేవాణ్ణి తీసుకురా."

ఆ శుక్రవారం, సెలవునాడు, నాకు దొరికింది మా నాన్న ఒక్కడే. ఒమాన్‌లోనే, ఖురియాత్‌లో ఒక సైట్ మీద మేస్త్రీ.

"కదలకుంట పండాలె, బాపు," అన్నాను. కదలాలని నా కోరిక. కానీ చెప్తే లెక్కలోకి రాదు.

"పండుకునుడు గూడ పనేనారా? నాలుగో అంతస్తుల పరంజా మీద నిలవడి ప్లాస్టరింగ్ చేసేటోన్ని. నేను కదుల్తనా? నీ ఇజ్జత్ నా చేతులున్నది, పో!"

నిజంగానే కదలకపోతే నా పని అంతే. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

పడుకోబెట్టి స్కానర్ గొట్టంలోకి పంపాం. డాక్టరు ఒమానీ అయినా, అక్కడ అందరూ మాట్లాడే ఆ కలగలుపు హిందీలో మైకులో చెప్పాడు: "బాబా, హిల్నా నహీ." కదలొద్దని.

బాపు చటుక్కున తల లేపి, ఆ ఇరుకులోనే చెయ్యి నుదుటికి తీసుకెళ్లి, "జీ, అర్బాబ్!" అన్నాడు. అర్బాబ్ అంటే యజమాని. యజమాని గొంతు వినబడుతుంటే వెల్లకిలా పడి ఉండడం ఇరవై ఏళ్ల గల్ఫ్ బతుకులో ఆయన ఎన్నడూ చేసి ఎరగడు.

"హిల్నా నహీ, బాబా!"

"నహీ, అర్బాబ్!" మళ్లీ లేచాడు.

ఎన్నిసార్లు కదలొద్దంటే అన్నిసార్లు కదిలాడు. ఎవరూ ఏమీ అననప్పుడు మాత్రం బండలా పడి ఉన్నాడు.

ఆయనకు మేం సూదీ గుచ్చలేదు, వేడీ పెట్టలేదు. అయినా తెర మీద మా బాపు కార్జం ఎర్రగా ఉడికిపోతోంది.

"కన్నతండ్రిని వండేశావు కదయ్యా," అన్నాడు డాక్టరు.

ప్రోగ్రామ్ నడిపాను. బొమ్మ మెల్లగా తన చోటికి వచ్చి కూర్చుంది. ఎరుపు చల్లారింది. పక్కటెముకల అంచున మాత్రం చిన్న మరక మిగిలింది. డాక్టరు దాని మీద వేలు పెట్టాడు.

"దీని సంగతి వచ్చే ఏడాది చూద్దువుగాని."

వచ్చే ఏడాది! అంటే ఉన్నాను!

బయటికొచ్చిన బాపు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"చెడగొట్టిన గదరా? ఆయన ఎంత మంచిగ చెప్పిండు! పండుకుంటె పెద్దమనిషిని లెక్కచెయ్యనట్టాయె, లేస్తె నీ పని చెడిపాయె."

"నువ్వు కదిలినవనే నౌకరీ పర్మనెంటైంది, బాపు." తెర మీద జరిగిందంతా చెప్పాను.

నన్ను ఎగాదిగా చూశాడు. "కదిలినోన్ని కదల్లేదని చూపెట్టెతందుకా నిన్ను డిగ్రీ దాక సదివిచ్చింది?"

"అదే పని, బాపు."

"అట్లయితె మనోళ్లకు చేసే ఫోన్ల గూడ అట్లనే చెప్పు. కదల్లేదని."

ఫోన్ బూత్‌లో మొదటి కార్డు అమ్మకే సరిపోయింది. అందులో సగం, మా ఊళ్లో ఫోనున్న కిరాణా షాపతను ఆమెను పిలుచుకొచ్చేలోపే కరిగిపోయింది. ఆ సాయంత్రం నా చీటీలో ఇంకా మిగిలినవాళ్లు:

మేనమామ. ట్రయల్ నౌకరీని చూసి పిల్లనెవరిస్తారన్నాడు. తప్పకుండా చెయ్యాలి.

లెక్కల సారు. పని సంగతి అర్థమయ్యేది ఆయనొక్కడికే.

చిన్నాయన, ఇక్కడి రైసూత్ పోర్టు క్యాంపు. ఫోర్‌మన్‌తో పిలిపించాలి.

ఖురియాత్‌లో బాపు రూమువాళ్లు. కొట్టేశాను, తనే చెప్పుకుంటానన్నాడు.

అక్క. ఆమెకు మాత్రం ఉన్నదున్నట్టు, కదిలాడనే.