అమ్మమ్మ పక్కన చోటు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మితే నా పొట్ట గడవదు. ఫిలింనగర్‌లో ఒక స్టూడియోలో సౌండ్ ఎఫెక్ట్స్ చేస్తాను. తెర మీద దెయ్యం నడిచొస్తుంటే మీకు వినిపించే అడుగుల చప్పుడు నాదే. పాత మంచం కోడు తిప్పితే పాడుబడ్డ బంగళా తలుపు తెరుచుకుంటుంది. తడి గోనెసంచి ఈడిస్తే శవం కదులుతుంది. హాల్లో జనం కెవ్వుమంటే నాకు నవ్వొచ్చేది. కాబట్టి ఈ సంగతి చెప్పేవాడు పిరికివాడని మాత్రం అనుకోకండి.

మేం తాతల నాటి నుంచి క్రైస్తవులం. మా అమ్మ పేరు సుగుణ. ఆమెకు ఊహ తెలియక ముందే తండ్రి పోయాడు. కొన్నేళ్లకు తల్లి కూడా పోయింది. ఆ తల్లే మా అమ్మమ్మ మార్తమ్మ. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసేదట. ఒక్క ఫొటో కూడా లేదు.

అమ్మకు తన తల్లి ముఖం గుర్తులేదు. గుర్తున్నవల్లా చేతులే. తాతయ్య పోయాక అమ్మమ్మ మళ్లీ గాజులు తొడగలేదు. ఆ బోసి చేతులతోనే తనకు తల దువ్వేదని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తల్లి పోయాక అమ్మను హాస్టల్లో వేశారు. సమాధి ఎక్కడో చూపించే దిక్కు కూడా లేకపోయింది.

పోయినేడు అమ్మకు జబ్బు ముదిరింది. జూబ్లీహిల్స్‌లో చూపించాం. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోమన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు, అమ్మకూ తెలుసు. కృష్ణానగర్‌లో నా కిరాయి ఇంటికి తీసుకొచ్చాను. మర్నాడు పొద్దున నన్ను పిలిచి ఒకే ఒక్క కోరిక చెప్పింది.

"నన్ను మా అమ్మ పక్కన పెట్టురా. ఆమెకెప్పుడూ రాత్రి డ్యూటీలే. ఆమె పక్కన సరిగ్గ పండనే లేదు నేను."

జీవితంలో మా అమ్మ నన్ను ఏమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ఊళ్లో మా సమాధుల తోటలన్నీ నిండిపోయాయి. కొత్త గుంతకు చోటు దొరకడం గగనం. ఒకే కుటుంబం అయితే పాత సమాధినే తెరుస్తారు. లోపలి ఎముకలు తెల్లగుడ్డలో మూటకట్టి, కొత్త పెట్టె కాళ్ల వైపు ఉంచి మూసేస్తారు. ఒకసారి మూశాక మళ్లీ ఏళ్ల తరబడి తెరవనివ్వరు. ఆ సమాధిలో ఉన్నది మన మనిషేనని చర్చి రిజిస్టర్‌లో చూపిస్తేనే ఇదంతా.

రికార్డింగ్ లేని రోజుల్లో చర్చిల వెంట తిరిగాను. బాప్తిస్మాల పుస్తకాలు, పెళ్లిళ్ల పుస్తకాలు, సమాధుల పుస్తకాలు అన్నీ చూశాను. మా వాళ్ల దగ్గర ఒక చిక్కుంది. ముత్తాతలు మతంలోకి వచ్చినప్పుడు పెట్టిన పేర్లు గుప్పెడే. ఇంటికో మార్తమ్మ, వీధికో యేసుదాసు. చాలా పుస్తకాల్లో ఇంటిపేరే రాయలేదు. గడ్డివాములో సూది వెతకడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది.

చివరికి షేక్‌పేట అవతల ఒక పాత చర్చిలో మార్తమ్మ దొరికింది. వయసు అమ్మ చెప్పినదానికి దగ్గరగా ఉంది. కాలం కూడా సరిపోయింది. భర్త పేరు రాసిన చోట మాత్రం చెమ్మకు సిరా అలుక్కుపోయింది. కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "మీ అమ్మమ్మేనా బాబూ?" అని అడిగాడు. "అవునండీ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన సరేనన్నాడు.

ఎవరికీ ఫోన్ చేయలేదు. అమ్మ ముఖం చూస్తూ చెప్పాలని బండి మీద గబగబా ఇంటికొచ్చాను. మిట్టమధ్యాహ్నం. కింద రోడ్డు మీద ఆటోల మోత, ఎదురింట్లో కుక్కర్ కూత.

అమ్మ మంచం అంచుకు జరిగి గోడకు ఒత్తుకుని పడుకుంది. సగం మంచం ఖాళీ. నేను నోరు తెరవకముందే అడిగింది.

"ఎవర్రా ఈమె? తెచ్చి నా పక్కన పండవెట్టినవు?"

ఎవరూ లేరమ్మా అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మ గాదు. మా అమ్మకు గాజుల్లేవు. ఈమెకు చేతినిండ ఆకుపచ్చ గాజులు. జరగమంటే జరుగుత లేదు. నువ్వన్న చెప్పు."

అమ్మ తృప్తి కోసం ఖాళీ పక్క వైపు తిరిగి, "కొంచెం జరుగమ్మా" అన్నాను. నాకే నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. సమాధి దొరికిందని చెప్పాను, కానీ విన్నదో లేదో తెలియదు. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఒంట్లో ఉప్పు తగ్గితే ఇలాంటివి కనబడతాయన్నాడు. సబబే అనిపించింది.

ఆ వారంలోనే అమ్మ పోయింది. వరంగల్ నుంచి చెల్లెలు రూతు వచ్చేసరికి ప్రాణం లేదు.

సమాధుల తోటలో మాకు చూపించిన చోట తవ్వారు. రూతు, మిగతా ఆడవాళ్లు పెట్టె దగ్గర పాటలు పాడుతున్నారు. గుంత దగ్గర నేను, ప్రార్థన చేయడానికి వచ్చిన చర్చి అయ్యగారు, తవ్వే అతను. ఎముకలు ఒక్కొక్కటీ తెల్లగుడ్డలో పెడుతున్నాడు. ముంజేతి ఎముక తీసేటప్పుడు దాంతోపాటు మట్టిలోంచి గాజులు వచ్చాయి. కొన్ని విరిగాయి, రెండు మాత్రం చెక్కుచెదరలేదు. అతను బొటనవేలితో మట్టి తుడిచాడు.

ఆకుపచ్చ గాజులు.

ఇది మా అమ్మమ్మ కాదు అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు. "ఏ గుంత తవ్వినా గాజులెల్తయి సార్. మట్టి అంతా కలిసిపోయింటది. ఫికర్ జేయకు." అయ్యగారు నా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు. అమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఓపికగా విన్నారు.

"ఇప్పుడేం చేద్దాం బాబూ? వేరే చోటు లేదు. తల్లిని ఎక్కడికి తీసుకెళ్తావు?"

వెనక్కి చూస్తే అమ్మ పెట్టె ఎండలో ఉంది. పాట అయిపోవచ్చింది. అందరూ నా కోసమే ఆగారు. తల ఊపాను. పెట్టె దించారు. కాళ్ల వైపు ఆ మూట పెట్టారు. మొదటి పిడికెడు మట్టి నేనే వేశాను. ఆ మట్టి పెట్టె మీద పడిన చప్పుడు లాంటిది నేను స్టూడియోలో ఎన్నోసార్లు చేశాను. ఒక్కసారీ సరిగ్గా చేయలేదని అప్పుడు తెలిసింది.

తర్వాత నాకు నేను చాలా సర్దిచెప్పుకున్నాను. అమ్మమ్మను సాగనంపేటప్పుడు ఎవరో బంధువు ముచ్చటపడి గాజులు తొడిగి ఉండవచ్చు. చిన్నపిల్లగా అమ్మ అది చూసి మరిచిపోయి ఉండవచ్చు. జబ్బులో అది పైకి తేలి ఉండవచ్చు. అన్నీ ఉండవచ్చులే. కానీ అమ్మ చెప్పింది గాజుల సంగతి ఒక్కటే కాదు, మా అమ్మ గాదు అని కూడా చెప్పింది. అదీ నేను ఆ సమాధి ఖాయం చేసుకుని ఇంట్లో అడుగుపెట్టిన నిమిషాన చెప్పింది.

మళ్లీ చర్చిల చుట్టూ తిరిగాను. కొన్నిచోట్ల పుస్తకాలే లేవు. కొన్నిచోట్ల ఉన్నా మా మార్తమ్మ లేదు. ఒకవేళ దొరికితే మాత్రం ఏం చేయగలను? అమ్మను తీయనివ్వరు. ఎవరి తల్లి పక్కనో నా తల్లిని పడుకోబెట్టానేమో. ఆమె పిల్లలెవరైనా ఎప్పుడో వెతుక్కుంటూ వస్తే వాళ్లకు ఏం చెప్పాలి? అమ్మ ఆ మధ్యాహ్నం చూసింది ఏమిటో, ఎలా చూసిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

మొన్న ఏడాది ప్రార్థనకు రూతు వచ్చింది. సమాధి మీద పూలు సర్ది, కొవ్వొత్తులు వెలిగించి, రాతి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు కళ్లు తుడుచుకుని నవ్వింది.

"ఒక్కటన్న మంచిగైంది అన్నా. అమ్మ వాళ్లమ్మ దగ్గరికి చేరింది."

"అవునమ్మా" అన్నాను.